పుల్లల కట్టలతో సరిగ్గా చేస్తారు, నోటుబుక్కులో తప్పుతారు – ఎక్కడ తెగిపోతోంది?

రెండోతరగతి_టీచర్ (ప్రాథమిక పాఠశాల, శ్రీకాకుళం వైపు)

అందరికీ నమస్కారం. రెండో తరగతికి రెండంకెల తీసివేతలు చెబుతున్నాను. చీపురు పుల్లలు పదేసి లెక్కబెట్టి, రబ్బరు బ్యాండు వేసి కట్టలు పిల్లల చేతే కట్టించాను. 52 లోంచి 27 తీయమంటే నేల మీద ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టుకుంటారు. ఏడు తీయడానికి రెండే ఉన్నాయని చూసి ఒక కట్ట విప్పుతారు. ఏడు పుల్లలు, రెండు కట్టలు పక్కకి తీసేసి "ఇరవై ఐదు టీచర్" అంటారు. దాదాపు అందరూ చేస్తున్నారు.

అదే లెక్క నిలువుగా రాయమంటే సగం మంది 35 వేస్తున్నారు. పైన రెండు, కింద ఏడు కనబడగానే ఏడులోంచి రెండు తీసేస్తున్నారు. 40 లోంచి 17 అంటే 37. పొద్దున పుల్లలతో సరిగ్గా చేసిన పిల్లే మధ్యాహ్నం ఇలా రాస్తోంది. మా బడిలో పెద్దవాళ్లు "ఆ పుల్లల ఆట ఆపి లెక్కలు చేయించమ్మా" అంటున్నారు. ఆపాలా? ఇంకొన్నాళ్లు సాగదీయాలా? ఇలాంటిది చూసినవాళ్లు చెప్పండి.

గణితమాల (ప్రాథమిక గణిత శిక్షకురాలు)

టీచర్ గారూ, ఆపకండి. ఊరికే సాగదీసినా లాభం లేదు. మీ పిల్లలకి పుల్లల పని ఒక పని, రాత పని ఇంకో పని. రెంటి మధ్యా దారి ఎవరూ వేయలేదు. పుల్లలు తీసి లోపల పెట్టాక పుస్తకం తెరిస్తే, పుస్తకంలోని 5కీ నేల మీది ఐదు కట్టలకీ చుట్టరికం ఉందని పిల్లకి ఎలా తెలుస్తుంది?

ఇలా చేసి చూడండి. ఇద్దరేసి పిల్లల్ని జత చేయండి. ఒకరు పుల్లలు కదపాలి, ఇంకొకరు పలక మీద రాయాలి. కట్ట విప్పిన క్షణానే రెండోవారు 5 కొట్టేసి పైన 4 రాయాలి, 2 కొట్టేసి 12 రాయాలి. పుల్ల కదలకుండా బలపం కదలకూడదు, బలపం కదలకుండా పుల్ల కదలకూడదు. ప్రతి అడుగుకీ నోటితో చెప్పించండి: "ఒకట్లు చాలలేదు, ఒక పది విప్పాను, ఇప్పుడు నాలుగు పదులు, పన్నెండు ఒకట్లు." ఆ మాట చాలా ముఖ్యం. మన గణిత శిక్షణల్లో అనుభవం, భాష, చిత్రం, గుర్తు అని ఒక వరుస చెబుతారు కదా, బడిలో ఎక్కువగా ఎగిరిపోయేది రెండోదే. పిల్లలు పుల్లలు కదుపుతుంటే మనం మాట్లాడతాం, వాళ్లు మాట్లాడరు.

తర్వాత పుల్లలు తీసేసి బొమ్మ గీయించండి. పదికి నిలువు గీత, ఒకటికి చుక్క. కట్ట విప్పడమంటే గీత కొట్టేసి పది చుక్కలు పెట్టడం. ఈ మెట్టు మీద కొన్ని రోజులు ఉండనివ్వండి. పుల్లలు లేకపోయినా కళ్లముందు పుల్లలు కనబడే దశ ఇదే. ఆ తర్వాతే ఉత్త అంకెలు. అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1966లో చెప్పింది కూడా ఈ క్రమమే: చేతితో చేయడం, బొమ్మగా చూడడం, గుర్తుగా రాయడం.

ఇంకో మాట. 35 రాసిన పిల్లని "తప్పు" అనకుండా, "27కి 35 కలిపి చూడు, 52 వస్తుందా?" అని పుల్లలు చేతికివ్వండి. పుల్లలు చెప్పిన జవాబుకీ పుస్తకం చెప్పిన జవాబుకీ పడలేదని పిల్ల తనంతట తాను చూడాలి.

మెతుకుసీమ_సార్ (ఎస్‌జీటీ, మెదక్)

మేడం చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను ఒక్క ముచ్చట కలుపుత. స్థాన విలువకు మన దగ్గర నాలుగైదు రకాల సామాన్లు ఉన్నయి. అన్నీ ఒకటే అనుకుంటం, కాదు.

పుల్లల కట్టలో పది పుల్లలు నిజంగనే లోపల ఉంటయి, విప్పితే బయటికొస్తయి. చెక్క దిమ్మెల పెట్టెల పది ఒక కడ్డీ. దాన్ని విప్పలేం, పది చిన్న దిమ్మెలతోని మార్చుకోవాలె. అయినా పొడవు చూస్తే పదింతలని కంటికి కనబడుతది. పది రూపాయల నోటు సంగతి వేరే. అండ్ల పది ఎక్కడా కనబడదు, పది రూపాయి బిళ్లలకు సమానమని మనం ఒప్పుకున్నం అంతే. ఇగ పూసల చట్రం అన్నిటికన్నా కఠినం. ఒకట్ల కడ్డీల పూస, పదుల కడ్డీల పూస ఒక్క తీరుగనే ఉంటయి. ఏ కడ్డీకి ఉంది అన్నదే దాని విలువ. అంటే అంకెలు రాసే పద్ధతికి అది ఒక్క అడుగు దూరంలనే ఉన్నది.

అందుకే నా వరుస: కట్టలు, దిమ్మెలు, నోట్లు, ఆఖరికి పూసల చట్రం. చాలా బడులల్ల పూసల చట్రం బీరువాల తయారుగ ఉంటది కాబట్టి దానితోనే మొదలుపెడతరు. పిల్లలు పూసలు లెక్కబెడతరు, పది అనే ఊహ మాత్రం పుట్టదు.

డీఎస్సీ_అభ్యర్థిని

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మెథడాలజీలో బోధనోపకరణాల పాఠం చదువుతున్నాను. అమెరికన్ విద్యావేత్త ఎడ్గార్ డేల్ అనుభవాల శంఖువు కింద ఒక గైడులో "చదివినదానిలో 10 శాతం, విన్నదానిలో 20 శాతం, చేసినదానిలో 90 శాతం గుర్తుంటుంది" అని ఇచ్చారు. ఇది డేల్ లెక్కేనా?

గణితమాల

కాదమ్మా. డేల్ 1946లో శంఖువు గీసినప్పుడు అందులో శాతాలేవీ లేవు. అవి తర్వాతెవరో తగిలించినవి, వాటి వెనక ప్రయోగమేదీ లేదు. మరీ ఇంత గుండ్రటి అంకెలు ఏ పరీక్షలోంచైనా వస్తాయా, మీరే ఆలోచించండి. డేల్ చూపించింది ప్రత్యక్షంగా చేసే అనుభవం నుంచి మాటల ద్వారా వచ్చే ఊహ దాకా ఉన్న మెట్లు మాత్రమే. పై మెట్టు మీదున్న మాట, గుర్తు తక్కువరకం అని ఆయన ఉద్దేశం కాదు. చివరికి మన పిల్లలు చేరాల్సింది అక్కడికే కదా.

విశ్రాంత_ఉపాధ్యాయుడు (గుంటూరు)

ఈ చర్చ చదువుతుంటే ప్రాణం లేచొచ్చినట్టుంది. నేను ఉద్యోగంలో ఉన్న కాలంలో ఈ మాటలు బడి దాకా వచ్చిన తీరు కొత్తవాళ్ల కోసం చెబుతాను.

1986 జాతీయ విద్యా విధానం తర్వాత 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, కనీస బోధన సామగ్రి అన్నది దాని లెక్క. సైన్సు పెట్టె, లెక్కల పెట్టె, పటాలు, భూగోళం బడికొచ్చాయి. ఏదైనా పోతే హెడ్మాస్టరే బాధ్యుడు, స్టాకు రిజిస్టరులో జవాబు చెప్పుకోవాలి. దాంతో చాలాచోట్ల పెట్టెకి తాళం పడింది. తనిఖీ రోజున తెరుచుకునేది. సామాను పోతే తప్పు, వాడకపోతే తప్పు లేదు అన్న చోట ఎవరు వాడతారు?

అదే దశకంలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచింది. అందరం అపెప్ అనేవాళ్లం. అది నాకు బాగా నచ్చిన పథకం. చుట్టుపక్కల దొరికేవాటితో టీచరే కృత్యాలు తయారుచేసుకోవాలి, పిల్లలు చేసినవాటినే గోడ మీద పెట్టాలి అనేది. పది బడుల టీచర్లం ఉపాధ్యాయ కేంద్రంలో కూర్చుని ఒకరు చేసింది ఇంకొకరికి చూపించుకునేవాళ్లం. చింతపిక్కలు, గవ్వలు, కానుగ కాయలు, తాటాకులు అన్నీ తరగతిలోకి వచ్చాయి. తర్వాత డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం), సర్వశిక్షా అభియాన్ రోజుల్లో టీచరుకి ఏడాదికి 500 రూపాయలు టీఎల్‌ఎం గ్రాంటు, అంటే బోధన సామగ్రి డబ్బు, ఇచ్చారు. చిన్న మొత్తమే, కానీ అట్టలు, రంగులు కొనడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేని డబ్బు అది.

నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. బోధనోపకరణాల మేళాలు పెట్టడం మొదలయ్యాక థర్మోకోల్ మీద మెరుపు కాగితం అంటించి, మోటారు పెట్టి, లైట్లు వెలిగించే నమూనాలకి బహుమతులు రాసాగాయి. అవి ముట్టుకుంటే విరుగుతాయి, అందుకని పిల్లల్ని దూరంగా నిలబెడతాం. పిల్లవాడి చెయ్యి పడని వస్తువుని నేను బోధనోపకరణం అనను. మేళాలో న్యాయనిర్ణేతలు "ఇది మీ తరగతిలో ఎంతమంది పిల్లల చేతుల్లో తిరిగింది?" అని అడిగి, అరిగిపోయిన అట్టలకి బహుమతి ఇస్తే బాగుంటుంది.

పీఎస్_టీచర్_కడప (భౌతికశాస్త్రం, హైస్కూలు)

సార్ చెప్పిన చివరి వాక్యం మా సైన్సువాళ్లందరూ రాసి పెట్టుకోవాల్సింది.

హైస్కూలు నుంచి ఒక ఉదాహరణ. చంద్రకళలు ఎందుకు వస్తాయి అని తొమ్మిదో తరగతిని అడగండి. భూమి నీడ చంద్రుడి మీద పడటం వల్ల అంటారు. అమావాస్య, పున్నమి ఎప్పుడో ఇంట్లో అమ్మమ్మ చెప్పగా వింటూ పెరిగిన పిల్లలే ఈ మాట అంటారు. పుస్తకంలో బొమ్మ ఉంది కదా అంటే, ఆ బొమ్మ అంతరిక్షంలోంచి కిందికి చూసినట్టు గీసింది. పిల్లవాడు ఉన్నదేమో భూమి మీద.

గది చీకటి చేసి ఒకవైపు ఒక్క బల్బు వెలిగించండి. పిల్లవాడి తలే భూమి. తెల్ల బంతి ఒకటి పుల్లకి గుచ్చి, చెయ్యి చాచి, తలకన్నా కాస్త ఎత్తుగా పట్టుకోమనండి. బల్బువైపు తిరిగితే బంతి మనకి కనబడే ముఖం చీకటి, అది అమావాస్య. ఎడమవైపుకి మెల్లగా తిరుగుతుంటే కుడి అంచున నెలవంక వస్తుంది, పావు తిరిగేసరికి సగం, బల్బుకి వీపు పెట్టేసరికి పున్నమి. ఎక్కడా తల నీడ బంతి మీద పడదు. బంతిని సరిగ్గా తల ఎత్తుకి దించమనండి, అప్పుడు పడుతుంది. అది చంద్రగ్రహణం. ప్రతి పున్నమికీ గ్రహణం ఎందుకు రాదన్న ప్రశ్న పిల్లలే అడుగుతారు. చంద్రుడి దారి భూమి దారికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుందని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. ఒక్కరి చేత చేయించి మిగతావాళ్లని చూడమంటే మాత్రం పని జరగదు. చూసేవాళ్లకి మళ్లీ అది బయటినుంచి చూసిన బొమ్మే. వంతులవారీగా అందరూ తిరగాల్సిందే.

ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ హైస్కూళ్లకి ఐఎఫ్‌పీ ప్యానెళ్లు (వేలితో తాకి నడిపే పెద్ద తెరలు) వచ్చాయి. నేను రోజూ వాడతాను. గుండె కొట్టుకోవడం, అగ్నిపర్వతం, కణ విభజన లాంటివి చేత్తో చూపించలేం, అక్కడ అది వరం. కానీ ఆమ్లం, క్షారం పాఠానికి నిమ్మరసం, సబ్బునీళ్లు, మందార పూల రసం చేతికి అందే చోట వీడియో పెట్టడం పిల్లలకి అన్యాయం. వీడియో పెట్టినా ఫలితం రాబోయే ముందు ఆపండి. "ఇప్పుడేమవుతుంది?" అని అడిగి, నోటుబుక్కులో ఊహ రాయించి, అప్పుడు నడపండి. ఆ ఆపడంలోనే పాఠం ఉంది.

మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలై 2002 దాకా నడిచిన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం గురించి తెలియనివాళ్లు తెలుసుకోండి. పల్లెటూరి బడుల్లో పిల్లలే ప్రయోగం చేసి ఫలితం రాసుకునేవారు. పనికిరాని వస్తువులతో సైన్సు బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా అక్కడే అగ్గిపుల్లల్ని సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి ఆకారాలు చేయించారు. మూడు పుల్లల త్రిభుజం నొక్కినా కదలదు, నాలుగు పుల్లల చతురస్రం పక్కకి వాలిపోతుంది. వంతెనలకీ కరెంటు టవర్లకీ అన్ని త్రిభుజాలు ఎందుకుంటాయో ఆరో తరగతి పిల్లలు వేళ్లతో తెలుసుకుంటారు.

సిలబస్_పూర్తి (గణితం, హైస్కూలు)

అందరూ మంచి మాటలే చెబుతున్నారు. నాకొక గట్టి సందేహం ఉంది. పదో తరగతికి వచ్చిన పిల్లల్లో ఏడో ఎక్కం రానివాళ్లు ఉన్నారు. పుల్లలు, పూసలతో భావన వచ్చినా సాధన లేకపోతే వేగం రాదు. కృత్యాల పేరుతో సాధన తగ్గిపోయిందని నా అభిప్రాయం. 45 నిమిషాల పీరియడులో సామాను పంచి, మళ్లీ ఏరుకునేసరికి ఇరవై నిమిషాలు పోతాయి. దీనికి మీ జవాబేమిటి?

మెతుకుసీమ_సార్

సార్, ఎక్కాలు రావాలె, అండ్ల తేడా లేదు. నేను రోజు పొద్దుగాల పది నిమిషాలు ఎక్కాలు చెప్పిస్త. గని 7 × 8 మరిచిపోయిన పిల్ల ఏం చేస్తది? ఉత్తగ బట్టీ కొట్టింది అయితే ఆగిపోతది. చింతగింజలు వరుసలు పేర్చిన పిల్ల "ఏడైదులు ముప్పై ఐదు, ఇంకా ఏడు మూడ్లు ఇరవై ఒకటి, యాభై ఆరు" అని తొవ్వ తీసుకుంటది. ఆ తొవ్వ దొరికినంక చేసే సాధన నిలబడతది.

సామాను పంచే సమయం గురించి: ప్రతి జట్టుకు ఒక డబ్బ, డబ్బ మీద ఏమేం ఎన్ని ఉన్నయో రాసిన చీటి, జట్టుల ఒకరికి లెక్క అప్పజెప్పే పని. మా రెండో తరగతి పోరలు అట్లనే చేస్తున్నరు, రెండు మూడు నిమిషాల్ల అయిపోతది.

గణితమాల

సిలబస్ సార్ అడిగిన ప్రశ్న చాలా అవసరమైనది. ఉపకరణాన్ని ఎప్పుడు తీసేయాలన్నది మన శిక్షణల్లో ఎవరూ చెప్పరు. పిల్ల పుల్లలు చేతిలోకి తీసుకోకుండానే "పది విప్పితే పన్నెండు అవుతాయి కదా" అన్నప్పుడు ఆ పిల్లకి పుల్లల అవసరం తీరింది. ఆ రోజే ఆపి సాధన మొదలుపెట్టాలి. పక్క పిల్లకి ఇంకా అవసరం ఉండొచ్చు. తరగతి మొత్తానికి ఒకేసారి ఇచ్చి ఒకేసారి లాక్కోవడం వల్లే కొందరికి విసుగు, కొందరికి కొరత.

భిన్నాల్లో చూడండి. 1/2కి 1/3 కలిపితే 2/5 అని హైస్కూలు పిల్లలు కూడా రాస్తారు. ఒకే పొడవున్న కాగితం పట్టీలు రెండు తీసుకుని ఒకటి సగానికి, ఒకటి మూడు సమభాగాలకి మడిచి, సగం పక్కన మూడో వంతు పెట్టమనండి. మొత్తం సగం కన్నా ఎక్కువ అని కనబడుతుంది. ఇంకో పట్టీని ఐదు భాగాలు చేసి రెండు చూస్తే అది సగం కన్నా తక్కువ. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గిందా అని పిల్లలే తిరగబడతారు. ఇది పది నిమిషాల పని. దాని తర్వాత చేసే పాతిక లెక్కలకి అర్థం వస్తుంది. రొట్టె బొమ్మలకన్నా పట్టీలే మేలు, గుండ్రటిదాన్ని మూడు, ఐదు సమభాగాలు చేయడం పిల్లలకి కుదరదు.

భవిత_ఐఈఆర్‌పీ (ప్రత్యేక విద్య)

ఒక విన్నపం. మీ తరగతిలో చూపు లేని పిల్లో, తక్కువ చూపున్న పిల్లో ఉంటే, గోడకి వేలాడదీసిన చార్టు ఆ పిల్లకి లేనట్టే. లెక్కలకి మేం టేలర్ ఫ్రేమ్ వాడతాం. ఎనిమిది మూలల గుంతల్లో సీసం దిమ్మెలు గుచ్చుతారు. దిమ్మె తిరిగిన దిక్కుని బట్టి అంకె మారుతుంది. వేళ్లతో తడిమి నిలువుగా కూడిక, తీసివేత చేయగలరు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో అడగండి, నేర్పిస్తారు.

మామూలు చార్టుని మార్చుకోవడం కూడా కష్టం కాదు. భారతదేశ పటం మీద సరిహద్దుకి జనపనార తాడు, గోదావరికి సన్నటి ఊలు దారం అంటించండి. దక్కన్ పీఠభూమికి ఇసుక చల్లండి. నాసిక్ వైపు త్ర్యంబకంలో పుట్టి తూర్పుకి వచ్చి సముద్రంలో కలిసేదాకా పిల్ల వేలు నది వెంట నడుస్తుంది. నేను గమనించినదేమిటంటే, చూపున్న పిల్లలు కూడా కళ్లు మూసుకుని ఆ పటం మీద వేలు పెట్టాలని పోటీ పడతారు. నది పడమర నుంచి తూర్పుకి వస్తుందని వాళ్లకీ అప్పుడే గట్టిపడుతుంది. ఒక పిల్ల కోసం చేసింది తరగతికంతటికీ పనికొస్తుంది. కాబట్టి "ఒక్కరి కోసం ఇంత శ్రమా" అనుకోవద్దు.

ఏకోపాధ్యాయ_బడి (పాడేరు ఏజెన్సీ)

నాకు ఐదు తరగతులూ ఒకే గదిలో. నాకు ఉపకరణం అంటే, నేను మూడో తరగతితో ఉన్నప్పుడు ఒకటో తరగతిని పట్టుకుని ఉండేది. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విభాగం వాళ్లు ఇందుకే నేర్చుకునే నిచ్చెన, కార్డుల పద్ధతి తయారుచేశారు. నిచ్చెన మీద తానెక్కడున్నాడో పిల్లవాడే చూసుకుని, గుర్తుని బట్టి కార్డు తీసుకుని కూర్చుంటాడు. కర్ణాటకలో మైసూరు జిల్లా హెగ్గడదేవన కోటలో 1995లో మొదలైన నలి-కలి అనే బోధన పద్ధతికీ, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన కృత్యాధార పద్ధతికీ అక్కడి పనే ఆధారం. నేను మొత్తం పద్ధతి పెట్టలేకపోయినా కార్డుల వరకు తీసుకున్నాను. కార్డు వెనకే జవాబు ఉంటుంది. పిల్లలు నా కోసం ఎదురుచూడరు.

మా పిల్లల ఇంటి భాష కువి. బొమ్మ కార్డు కింద ఇంటి మాట, తెలుగు మాట రెండూ తెలుగు లిపిలో రాయిస్తాను. ఇంటి మాటలు నాకు పిల్లలే చెప్పాలి. కార్డులు అలా ఇద్దరం కలిసి చేసినవి కాబట్టి చింపరు, పోగొట్టరు.

డాలస్_తెలుగుబడి

అమెరికాలో ఆదివారాలు తెలుగు చెబుతాను. గుణింతాల చక్రం వాడితే ఒక ఇబ్బంది వస్తోంది. క, గ, త మీద బాగానే ఉంటుంది. జ, ట, ణ, బ, ల దగ్గర పిల్లలు గుడి ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోతున్నారు. ఏం చేయాలి?

పాతబస్తీ_తెలుగు_మేడం (తెలుగు, హైదరాబాద్)

చక్రం పక్కన పెట్టి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీట్లు తీసుకోండి. తలకట్టు తీసేసిన "క" అట్ట మీద రాయండి. తలకట్టు, గుడి, గుడి దీర్ఘం, ఎత్వం ఒక్కో షీటు మీద రాసి పైన పరచండి. తలకట్టు లేచిపోయిన చోటే గుడి వచ్చి కూర్చుంటుందని పిల్లలకి కనబడుతుంది. మీరు చెప్పిన ఐదింటికీ అసలు తలకట్టే లేదు, అందుకే గుడి అక్షరంతో కలిసిపోయి బి, జి, లి అని రూపం మారుతుంది. వాటిని విడి జట్టుగా, మొత్తం అక్షరం రాసిన కార్డులతో చెప్పండి. మొ, యొ లాంటివి ఇంకా ఆలస్యంగా, చదివే కథలో ఎదురైనప్పుడు చూపించండి.

రెండోతరగతి_టీచర్

అందరికీ ధన్యవాదాలు. జతల పద్ధతి మొదలుపెట్టాను. పలక మీద, పుల్లలతో కలిపి చేసినప్పుడు చాలామంది సరిగ్గా రాస్తున్నారు. గీతలు, చుక్కల బొమ్మ దగ్గర కొందరు ఇంకా తడబడుతున్నారు, అక్కడే ఆగాను. 40 లోంచి 17 మాత్రం గట్టిగానే ఉంది, సున్నా చూడగానే ఏడు దింపేస్తున్నారు.

ఇంకొకటి బయటపడింది. నోటితో చెప్పించడం మొదలుపెట్టాక, ముగ్గురు పిల్లలు ఇరవై మూడు అని చెప్పి 203 రాస్తున్నారని తెలిసింది. దీనికేం చేయాలి?

గణితమాల

సున్నా లెక్కలకి ముందు ఉత్త కట్టలు నాలుగే ఇచ్చి, "నాకు ఏడు పుల్లలివ్వు" అని అడగండి. రాత వద్దు. విడి పుల్ల ఒక్కటీ లేదు కాబట్టి కట్ట విప్పక తప్పదు. ఆ ఇబ్బంది వాళ్లకి బాగా తెలిశాకే 40 అని రాయండి.

203 రాసే పిల్లలు విన్నది విన్నట్టు రాస్తున్నారు. ఇరవై అంటే 20, మూడు అంటే 3, పక్కపక్కన పెట్టేశారు. వాళ్లకి బాణం కార్డులు కావాలి. పాత పెళ్లి శుభలేఖల అట్టలు చాలు. 1 నుంచి 9 వరకు ఒక అంగుళం వెడల్పు, 10 నుంచి 90 వరకు పదుల కార్డులు రెండంగుళాలు, 100 నుంచి 900 వరకు మూడంగుళాలు, మొత్తం 27 కార్డులు. అన్నింటికీ కుడి చివర బాణంలా కోణం కత్తిరించండి. 20 కార్డు మీద 3 కార్డు పెట్టి బాణాలు కలిపితే సున్నా కిందకి పోయి 23 కనబడుతుంది. మళ్లీ విడదీస్తే 20, 3. పిల్ల చేతే కలిపించండి, విడదీయించండి, పక్కన రెండు కట్టలు, మూడు పుల్లలు పెట్టించండి. మూడంగుళాల కార్డులు మూడో తరగతికి దాచి, ఇప్పటికి మిగతా 18 మాత్రమే ఇవ్వండి.

రెండోతరగతి_టీచర్

శుభలేఖలు ఇంట్లో చాలా ఉన్నాయి. కోణం కత్తిరించేటప్పుడు అంకె మధ్యలోకి రావాలా, ఎడమకి జరగాలా?

గణితమాల

ఒకట్ల కార్డు మీద అంకె అంగుళంలో సరిగ్గా మధ్యన రాయండి, బాణం మొన ఆ అంగుళానికి అవతల అర అంగుళం అదనంగా ఉంచి కత్తిరించండి. అన్ని కార్డులకీ అదే కొలత. అప్పుడు పైనున్న 3 కిందున్న సున్నాని పూర్తిగా కప్పుతుంది.